మామిడికి డిప్ప కటింగ్ చేసినవాళ్ళూ, "ఇప్పుడు కొట్టను" అన్న పెద్దాయనా

మా ఇంటి చెట్లు కొట్టడానికి పిలిచిన ఇద్దరు పనివాళ్ళ సంగతి రాస్తున్నా, ముందు ఒక జట్టు, తర్వాత ఒక పెద్దాయన. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా. మొదటివాళ్ళకి ఐదుకి ఒకటి, ఆ ఒకటీ మల్లె పొద పుణ్యాన. రెండో ఆయనకి నాలుగు. ఎవరి పేరూ రాయడం లేదు, మొదటివాళ్ళ పేరు రాస్తే గొడవ, రెండో ఆయన పేరు రాస్తే ఇప్పటికే సరిగ్గా ఎత్తని ఫోను ఇక అసలు ఎత్తడు.

మాది రాజమండ్రి. ఇల్లు పోగా వెనకా పక్కా మిగిలిన జాగాలో మా మామగారు నాటిన చెట్లున్నాయి. ఒక కొత్తపల్లి కొబ్బరి (పేరులో కొబ్బరి ఉన్నా మామిడే, మా వైపువాళ్ళు కానివాళ్ళ కోసం చెప్తున్నా), జామ, మునగ, రెండు కొబ్బరి చెట్లు, గేటు పక్కన వేప, నూతి గట్టు దగ్గర మల్లె పొద, ఓ నిమ్మ. మామగారు ఉన్నన్నాళ్ళూ ఏ కొమ్మ ఎప్పుడు కొట్టించాలో ఆయనే చూసుకునేవారు, మాకు కాయలు తినడం తప్ప ఇంకేం తెలియదు. ఆయన పోయాక నాలుగేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. మామిడి కొమ్మలు డాబా మీదకి వాలిపోయాయి, వేపాకు రాలి డాబా గొట్టాలు పూడుకుపోయాయి, పక్కింటాయన రోజూ ప్రహరీ మీంచి చూసి నిట్టూర్చడం మొదలుపెట్టాడు.

2022 డిసెంబరులో మా ఆయన ఫోన్లో ఏదో ప్రకటన చూసి బుక్ చేశారు. చెట్ల కటింగ్, తోట క్లీనింగ్, అంతా ఒక్క రోజులో, తొమ్మిదిన్నర వేలు. నలుగురు కుర్రాళ్ళు వచ్చారు, తలకి హెల్మెట్లు, ఒకే రంగు టీషర్టులు, పెట్రోలు రంపం, పెద్ద నిచ్చెన. చూడ్డానికి భలే ఉన్నారు. టైముకి వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, టీ ఇస్తే గ్లాసులు కడిగి మరీ ఇచ్చారు, అందులో వంక పెట్టడానికి లేదు. అయితే ఒక్కడంటే ఒక్కడు ఇది ఏ చెట్టు, కాపు ఎప్పుడు, ఎందుకు కొట్టిస్తున్నారు అని అడగలేదు. ఎంత ఎత్తుకి కొట్టాలి మేడమ్ అని మాత్రం అడిగారు. నేను డాబా పిట్టగోడ చూపించాను. తప్పు నాది కూడా ఉంది, ఒప్పుకుంటున్నా.

సాయంత్రానికి అన్నిటికీ డిప్ప కటింగ్ అయిపోయింది. మామిడి, జామ, వేప మూడూ స్కూలు గ్రూప్ ఫోటోకి నిలబెట్టినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. కొబ్బరి చెట్లకి ఎండు మట్టలతో పాటు పచ్చివీ నరికేసి తల మీద పిలక మిగిల్చారు. మల్లె పొద దారికి అడ్డంగా ఉందని మోకాలెత్తుకి కోసేశారు. కొమ్మలన్నీ ట్రాక్టరులో వేసుకుని, రవాణా కింద ఇంకో పన్నెండొందలు తీసుకుని వెళ్ళిపోయారు. లావు దుంగలు వంటచెరుకుగా అమ్ముకుంటారని, అంటే మా కట్టెలకి మేమే ఎదురు డబ్బులిచ్చామని, పక్కింటాయన తర్వాత చెప్పాడు. నిట్టూర్చకుండా ఆ ముక్కేదో ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అసలు సంగతి జనవరిలో బయటపడింది. వీధి చివరి మామిడికి పూత, ఎదురింటి మామిడికి పూత, మా చెట్టుకి మోళ్ళు. ఫిబ్రవరిలో ఆ మోళ్ళ పక్కనుంచి ఎర్రటి చిగుళ్ళు గుత్తులు గుత్తులుగా వచ్చాయి, చెట్టు కోలుకుంది కదా అని సంతోషించాం కూడా. ఆకులే వచ్చాయి. 2023 ఎండాకాలంలో, ఆ చెట్టు కాపుకొచ్చాక మొదటిసారి, ఆవకాయకి కాయ బజార్లో కొన్నాం. మా అత్తగారు ముక్కలు కొట్టించుకొస్తూ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, ఆవిడ మాట్లాడకపోతేనే నాకు టెన్షన్.

ఎందుకలా అయిందో ఇప్పుడు తెలుసు. మామిడి పూత కొమ్మ చివరే వస్తుంది, అదీ నెలల తరబడి ముదిరిన కొమ్మకే వస్తుంది. కాయలు దించాక వానలకి వేసిన చిగురు చలికాలానికి ముదురుతుంది, ఆ చలికి చివర పూమొగ్గ కడుతుంది. డిసెంబరులో చివర్లు కోయించడమంటే ఆ ఏటి పంటని చేతులారా ట్రాక్టరెక్కించడమే.

ఇక ఆ ఒక్క మార్కు సంగతి. మల్లె పొదని వాళ్ళు తెలిసి కోయలేదు, అడ్డమని కోశారు. సరిగ్గా మల్లె కోయాల్సిన కాలం అదే! ఆ మార్చిలో మొదలుపెట్టి మే దాకా విరగబూసింది, రోజూ పొద్దున్నే మొగ్గలు కోసి ఇరుగూ పొరుగూ ఇళ్ళకి పంచాం. మామిడికాయల్లేవని ఏడుస్తూ తలనిండా మల్లెలు పెట్టుకుని తిరిగిన ఎండాకాలం అది.

రెండో ఆయన దగ్గరికొస్తాను. కడియం వైపు నర్సరీల్లో చిన్నప్పట్నుంచీ పనిచేసిన మనిషి, అరవై దాటి ఉంటాయి, మనవడిని వెంటేసుకుని బండి మీద వస్తాడు. మా అత్తగారి చెల్లెలు పంపించారు. 2024 సంక్రాంతికి ముందు వచ్చాడు. మామిడి లోపల వెదురు గెడల్లా నిటారుగా లేచిన నీటి కొమ్మలు గుబురైపోయాయి, అవి తీయించి, ఇంకాస్త ఎత్తు తగ్గించమందామని నా ఆలోచన. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒక కొమ్మ వంచి చివర నొక్కి చూశాడు.

"ఇప్పుడు కొట్టనమ్మా."

పని చేయడానికి పిలిచిన మనిషి పని వద్దనడం నేనదే మొదటిసారి చూడటం. మొగ్గ పగులుతోందట, వారం పది రోజుల్లో పూతట. కాయ దించాక పిలు, మృగశిర కార్తెలో వస్తాను అన్నాడు. మరి ఎండు కొమ్మలో అంటే, అవి ఎప్పుడైనా తీయొచ్చు అని నాలుగు తీశాడు. మల్లె దగ్గరికెళ్ళి దీనికి మాత్రం ఇదే టైము అని కూర్చున్నాడు, ఎండు పుల్లలూ సన్న రెమ్మలూ మొదటికి తీసేసి, మిగతావి మోకాలి పైకి కోసి, ఉన్న ఆకు కూడా దూసేశాడు. మూడొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిదిన్నర వేల వాళ్ళెక్కడ, మూడొందల ఈయనెక్కడ అనుకున్నాను. నా లెక్కలో ఆ రోజే మూడు మార్కులు పడిపోయాయి.

జూన్‌లో వచ్చినప్పుడు మా ఆయన ఒక ప్రశ్న వేశారు. కాయలు మే నెలాఖరుకే దించేశాం కదా, అప్పుడే ఎందుకు రాలేదని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, చెట్టు తోలు పగలదా బాబూ అన్నాడు. ఇన్నాళ్ళూ ఆకు నీడన ఉన్న కొమ్మకి ఆ ఎండ ఒక్కసారిగా తగిలితే బెరడు కాలి పగులుతుంది. తొలకరి పడి గాలి చల్లబడ్డాక కొడితే ఆ వానల తడికే కొత్త చిగురు లేస్తుంది, డిసెంబరు లోపల ముదరడానికి కావలసినన్ని నెలలు దొరుకుతాయి. అలాగని శ్రావణం, భాద్రపదం దాకా నానిస్తే చిగురు లేతగా ఉండగానే చలొచ్చేస్తుంది, ఆకు మిగులుతుంది, పూత పలచబడుతుంది. అంటే మామిడికి దొరికే కిటికీ చాలా చిన్నది, కాయ దించాక, తొలకరి పడ్డ దగ్గర్నుంచి నాలుగైదు వారాలు.

ఆయన పని దగ్గరుండి చూశాను. మా చెట్టుకి లోపలివైపు నా తొడంత లావు కొమ్మ ఒకటి డాబా గోడని రాసుకుంటోంది. అదివరకు కుర్రాళ్ళు ఇలాంటి కొమ్మనే పైనుంచి ఒక్క కోత కోస్తే, సగం తెగేసరికి బరువుకి విరిగి మాను మీద మూరెడు బెరడు చీల్చుకుంటూ పడింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఈయన ముందు మాను నుంచి జానెడు దూరంలో కింది వైపు కొంచెం గాటు పెట్టాడు. తర్వాత దానికి ఇంకాస్త అవతల పైనుంచి కోశాడు, కొమ్మ తాడుకి వేలాడుతూ నెమ్మదిగా దిగింది, బెరడు గాటు దగ్గరే ఆగిపోయింది. మిగిలిన మొండెం మూడో కోతకి. అది కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూశారా, ఆయన మెడ అంటాడు, దాన్ని తగలకుండా దాని బయటి అంచున కోశాడు. మెడ కోస్తే పుండు పూడదట, మొండెం వదిలితే ఎండి పుచ్చుతుందట. ఏడాది తర్వాత నేను వెళ్ళి చూశాను. ఆ కోత చుట్టూ బెరడు గారె అంచులా లేచి మధ్యకి కమ్ముకుంటోంది. కుర్రాళ్ళు వదిలిన మొండేలు మాత్రం వేలుపెట్టి గిల్లితే పొడి రాలుతున్నాయి.

కోతలకి పూయడానికి పేస్టు కూడా ఇంట్లోనే కలిపాడు. వంద గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), వంద గ్రాముల సున్నం, మొత్తం మీద లీటరు నీళ్ళు. నేను ఇనప బకెట్ తెస్తే వద్దన్నాడు, మైలుతుత్తం ఇనుముని తినేస్తుంది, ప్లాస్టిక్‌ది తెమ్మన్నాడు. రెండూ విడివిడిగా కలిపి తర్వాత ఒకదాంట్లో ఒకటి పోశాడు, మనవడు చాకు ముంచి తీశాడు, చాకు మీద రాగి రంగు తేలితే సున్నం చాలలేదని గుర్తట. తేలింది. ఇంకో పిడికెడు సున్నం పడింది. మామిడి నుంచి నిమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు కత్తెరని స్పిరిట్‌తో తుడిచాడు, ఇది మాత్రం నర్సరీలో నేర్చుకున్నదే అయ్యుండాలి, ఇంకెక్కడా నేను చూడలేదు.

జామకి లెక్క మామిడికి తిరగబడి ఉంటుంది. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది, అంచేత కోస్తేనే పూత. జూన్‌లో కొమ్మ చివర్లు తగ్గిస్తే చలికాలానికి కాయ, వానాకాలం కాయలా పురుగు ఉండదు, తియ్యగా ఉంటుంది. మునగని అయితే ఛాతీ ఎత్తుకి నరికేశాడు, నాకు గుండె ఆగినంత పనైంది. రెండు నెలల్లో నా ఎత్తు దాటింది. మునగ కర్ర పెళుసు, వదిలేస్తే ఏ గాలివానకో విరిగి ప్రహరీ మీద పడేదే, పైగా పాతిక అడుగుల ఎత్తున కాయ కాస్తే దోటీ అందక పిట్టలకే కదా. నిమ్మకి మాత్రం ఎండు పుల్లలు, నేలకి తగిలే రెమ్మలు, మొదట్లోంచి లేచిన ముళ్ళ కొమ్మలు తీసి వదిలేశాడు. వానల్లో దాన్ని ఎక్కువ కెలికితే గజ్జి తెగులు పాకుతుందట, గట్టిగా కోయాలంటే వానలు లేనప్పుడే.

కొబ్బరి గురించి చెప్తే మా ఆయన మొహం చూడాలి. పచ్చి మట్ట ఒక్కటీ తీయకూడదు, ఎందుకంటే ఒక్కో మట్ట చంకలోంచే ఒక్కో గెల వస్తుంది, పైగా పచ్చి గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వాలుతుంది. తప్పనిసరై మట్ట కొట్టాల్సి వస్తే మొదట్లో నాలుగడుగులు వదిలి కొట్టాలి. కుర్రాళ్ళు మొదటికంటా నరికిన ఆ రెండిట్లో ఒకటి ఇప్పటికీ సరిగ్గా కాయడం లేదు.

వేప దగ్గరే మా ఇద్దరికీ వాదన. గేటు మీదున్న పెద్ద కొమ్మ తీసేయమన్నాను. కొమ్మ మధ్యలో కాకి గూడు ఉంది, పిల్లలు లేచాక చూద్దాం అన్నాడు. కాకి గూట్లో ఉన్నది కోకిల పిల్లేమో అన్నాను. ఎవరి పిల్లైతేనేం అన్నాడు. సరే, అది ఆగింది. పెద్ద గొడవ కాలం గురించి. వేపని వానల్లో కోయడం ఆయనకి ఇష్టం లేదు. ఆ భయం ఉత్తది కాదు. హైదరాబాదులో మా చెల్లెలి వీధిలో 2021లో వేపచెట్లు కొనల నుంచి ఎండిపోవడం మొదలుపెట్టాయి, తెలంగాణ అంతటా అదే కథ, శిలీంధ్రమని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు, చచ్చిపోయాయనుకుని కొట్టించేద్దామన్న చెట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయి. అలాంటి తెగుళ్ళు తడిగాలిలో పచ్చి కోతల మీద పడతాయి కాబట్టి వేపకి పొడి చలికాలమే మంచిది. మరీ ఫిబ్రవరి, మార్చి దాకా జరిపితే ఉగాది పచ్చడికి పూత ఉండదు, అది ఇంకో తంటా.

బాగానే ఉంది, మరి మనది కోస్తా కదా? తుపాను చలికాలం వచ్చేదాకా ఆగుతుందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మా ఆడపడుచు వాళ్ళ కారు మీద చెట్టు పడింది, ఆ ఊళ్ళో ఎటు చూసినా వేళ్ళతో సహా లేచిన చెట్లే. నేను ఆ మాట అన్నాక పెద్దాయన కాసేపు ఆలోచించి ఒక దారి చెప్పాడు. సెప్టెంబరులో వాన తెరిపిచ్చిన నాలుగు రోజులు చూసుకుని, ఇంటి మీదకి వాలిన కొమ్మలు మాత్రం తీసి, గుబురు మధ్యలోంచి గాలి పోయేలా కాస్త పలచన చేసి, కోతలకి పేస్టు పూసి వదిలేయడం. మిగతాది జనవరిలో. చెట్టుకి మంచిరోజు చూడాలి గానీ మనుషుల మీద పడే కొమ్మకి ముహూర్తం ఏంటమ్మా అన్నాడు. ఎండిన కొమ్మ, విరిగి వేలాడే కొమ్మ, వీటికి కాలం చూడక్కర్లేదు. కరెంటు తీగలకి తగిలేది అయితే ఆయన కూడా ముట్టుకోలేదు. 1912కి ఫోన్ చేస్తే లైన్‌మ్యాన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపడానికి అనుమతి) తీసుకుని, లైను ఆపాకే కొట్టారు. ఇంట్లో మెయిన్ ఆపేశాం కదా అని వీధి తీగ పక్కన నిచ్చెన వేసే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. వేపని మొదలంటా తీసేస్తే పీడా పోతుందని పక్కింటాయన సలహా. వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ఉంది, చెట్టు మొత్తం కొట్టాలంటే అనుమతి తెచ్చుకోవాలి అన్నాక మళ్ళీ నిట్టూర్పులకి దిగాడు.

ఖర్చు చెప్పలేదు కదూ. జూన్ పనికి ఇద్దరికీ కలిపి మూడున్నర వేలు, సెప్టెంబరులో ఎనిమిదొందలు, జనవరి పనికి ఐదారొందలు. ఏడాదికి మూడుసార్లు పిలవాలి, మూడుసార్లు టీ పెట్టాలి. ఒక్క రోజులో అంతా అయిపోవాలి అనుకునేవాళ్ళకి ఈయన పనికిరాడు. కానీ ఏడు రకాల చెట్లున్న ఇంట్లో ఒక్క రోజులో అంతా చేస్తామన్నారంటే, అందులో సగం చెట్లకి తప్పు రోజున కత్తి పడుతుందని అర్థం. ఎవరినైనా పిలిచేముందు ఫోన్లోనే "మామిడి ఎప్పుడు కొడతారు?" అని అడగండి. ఎప్పుడంటే అప్పుడు అన్నారో, పెట్టేయండి ఫోను.

ఫలితం కూడా చెప్పాలి. 2025 ఎండాకాలం కొత్తపల్లి కొబ్బరి విరగకాసిందని చెప్పను, కానీ ఆవకాయకి చాలినంత కాసి, చుట్టాలకి పంపగా పండేయడానికి ఇంకా రెండు బుట్టలు మిగిలాయి. కొమ్మలు తగ్గి లోపలికి ఎండ పడుతోంది, తేనెమంచు పురుగు బంక కిందటేడంత లేదు, కాయలు నిచ్చెన మీంచే అందాయి.

మరి ఐదోది ఎందుకివ్వలేదంటే. ఒకటి, ఫోన్ ఎత్తడు, మనవడికి చెప్పాలి, వాడు మర్చిపోతాడు. సోమవారం వస్తానంటే ఏ సోమవారమో మనమే కనుక్కోవాలి, ఒకసారి మూడు సోమవారాలు గడిచాయి. రెండు, కొమ్మలు పట్టుకెళ్ళడు, గోడవారన పేర్చి పోతాడు, ఎండేదాకా చీమలూ తొండలూ అందులోనే కాపురం, ఆ తర్వాత వాటిని తీయించడానికి ఇంకో మనిషి. మూడోది అసలైనది. అరవై దాటిన మనిషి నడుముకి ఏమీ కట్టుకోకుండా ఎక్కేస్తాడు. నేను గోల చేస్తే మోకు కట్టుకున్నాడు, అదీ నేను చూస్తున్నంతసేపే. ఆ కుర్రాళ్ళ హెల్మెట్లు, తాళ్ళు ఈయనకుంటే, ఈయన తెలివి వాళ్ళకుంటే ఎంత బాగుండును.

ఈసారి ధనుర్మాసానికి మల్లె కోయడానికి చెప్పి ఉంచాను, రెండు వారాల ముందు నుంచే పొదకి నీళ్ళు ఆపేయమన్నాడు. ఆపాను. మా అత్తగారు మాత్రం పాపం వాడిపోతోందంటూ, నేను చూడటం లేదనుకుని, రోజూ పొద్దున్నే ఓ చెంబుడు పోస్తూనే ఉన్నారు.